రేవు పాకలో నలుగురు ఒంటికన్ను దొంగలు

ఇప్పుడు చెప్పబోయేది ఒక ఘోరం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, ఎవరి ఆస్తీ పోలేదు. కానీ ఓ ఆదివారం మధ్యాహ్నం, కొత్తపేటలో ఓ మేడగదిలో, ఇస్త్రీ చీర మీద పెరుగ్గిన్నె బోర్లాపడ్డట్టు నా పరువు నలుగురి ముందూ ఒలికిపోయింది. భగవంతుడి దయవల్ల ఆ మరక ఉతికితే పోయింది. అందుకే నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. మీరూ మొహమాటపడకుండా నవ్వండి.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడి దుమ్ము పడదని మా నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆయన పద్ధతి ఒకటే. లెక్క తను చేసి చూపించేవారు. నేను దాన్ని గుండ్రటి అక్షరాలతో నా పుస్తకంలోకి ఎత్తి రాసేదాన్ని. "భేష్" అనేవారు. అలా పెరిగిన పిల్లకి చూసి రాయడం తప్పని ఎవరు చెబుతారు? అది తెలియాలంటే పక్కన ఓ బెంచీ ఉండాలి, ఆ బెంచీ మీద మోచెయ్యి అడ్డుపెట్టుకుని రాసుకునే ఓ పిల్ల ఉండాలి. నాకు బెంచీ లేదు, పిల్లా లేదు. అమ్మానాన్నల ప్రేమకి ఏ లోటూ లేదు గనక దిగులుపడలేదు గానీ, పెళ్లీడు వచ్చేదాకా నాకు స్నేహితులంటూ ఎవరూ లేరు.

అలాంటి నాకు పలివెల గుళ్లో స్వామే పంపినట్టు లలిత దొరికింది. మా పక్కింటి మంగతాయారు పిన్నిగారి అమ్మాయి. బెంగుళూరు ఉద్యోగం ఇంటినుంచే చేసుకోవచ్చన్నారని కంప్యూటరు సర్దుకుని వాళ్ల మేడగదిలోకి వచ్చేసింది. దాంతోపాటు ఓ ఆట కూడా పట్టుకొచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు గానీ అందులో గళ్లుండవు, పావులుండవు. లలిత కథ చెబుతుంది, మనం అందులో తలో మనిషి అయిపోతాం. "ఎదురుగా పులి ఉంది, ఏం చేస్తావు?" అంటుంది. మనం చెప్పాలి. అది నెగ్గిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఏ మనిషిగా ఆడతామో మాత్రం ముందే కాగితం మీద రాసుకోవాలి. పేరు, రూపం, బలమెంత, తెలివెంత, సంచిలో ఏమున్నాయి, గుణం ఎలాంటిది. ఆ కాగితాన్ని క్యారెక్టర్ షీటు అంటారు.

ఆటకి నలుగురం కుదిరాం. నేను సరే. మేడమీద కూతురు ఏం చేస్తోందో కనిపెట్టి ఉండొచ్చని మంగతాయారు పిన్నిగారు చేరారు. ఎదురింట్లో, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన అబ్బులు బాబాయిగారు కాలక్షేపానికి చేరారు. రాజోలు వైపు రొయ్యల చెరువులు చూసుకునే సూరిబాబుగారు లలితతో బళ్లో చదువుకున్నారు, ఆ మొహమాటానికి చేరారు.

మొదటి ఆదివారం టీ తాగడానికీ, ఆట అర్థం చేసుకోవడానికీ సరిపోయింది. మేం వెళ్లేముందు లలిత నలుగురి చేతుల్లోనూ తలో ఖాళీ షీటు పెట్టి, "ఇదివరకు రెండుసార్లు మనుషుల్ని పోగేసేను. ఒక్కరూ సరిగ్గా రాసుకురాలేదు. ఈసారి కూడా మొక్కుబడిగా చేశారంటే నేనింక ఈ ఊళ్లో ఆట కట్టేస్తాను. బెంగుళూరోళ్లతో ఫోన్లో ఆడుకుంటాను" అంది.

మిగతా ముగ్గురూ నవ్వేశారు. నేను మాత్రం ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగాను. జీవితంలో మొదటిసారి, ఫలానా రోజు ఫలానా వాళ్లు నాకోసం ఎదురుచూస్తారని ఒకటి ఏర్పడింది. అది ఒక కాగితంతో పోతుందా?

ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. పేరు దగ్గరే ఆగిపోయాను. నాన్నగారు చేసి చూపించని లెక్క నేనెప్పుడు చేశాను గనక? చివరికి ఫోన్లో వెతికాను. ఆశ్చర్యం! ప్రపంచంలో ఎవరెవరో ఇలాంటి షీట్లు చక్కగా నింపి, కావలసినవాళ్లు తీసుకోండని పెట్టేశారు. ఎండాకాలం రోడ్డుపక్క చలివేంద్రం పెట్టినట్టు! ఎంత మంచివాళ్లండీ. ఫోనుకి దణ్ణం పెట్టి మరీ ఒకటి దింపుకున్నాను.

అందులో ఉన్నవాడు ఒంటికన్ను గజదొంగ. ఎడమ కన్ను పోతే నల్లగుడ్డ కట్టుకున్నాడు. ఎవర్నీ నమ్మడు. ఎక్కడికెళ్లినా గోడకి వీపు ఆనించి మూలన కూర్చుంటాడు. తన వెనకాల ఇంకో మనిషిని నడవనివ్వడు. సంచిలో రాజుగారి ఖజానా నుంచి కొట్టేసిన కెంపుల పిడి బాకు. నాలో లేని గుణాలన్నీ వాడిలో ఉన్నాయి. ఇంక వాణ్ణే తెలుగులోకి తిప్పి రాసుకున్నాను. రెండుచోట్ల మాత్రం చెయ్యి ఆడలేదు. "దేవుడంటే నమ్మకం లేదు" అని ఉంది. ఆ మాట నా చేత్తో ఎలా రాయను? "శనివారం ఒంటిపూట ఉంటాడు" అని మార్చాను. "ఎవరికీ కృతజ్ఞత చూపించడు" అని ఉంది. మరీ అంత పాపిష్టివాడైతే ఎలా? "ఎవరింట్లో దొంగిలించినా వెళ్లేముందు గడపకి దణ్ణం పెట్టి వెళతాడు" అని సరిదిద్దాను.

మర్నాడు పిట్టగోడ మీంచి పిన్నిగారి తల పైకొచ్చింది.

"భవానీ, ఆ కాగితం రాసేవేటే?"

"ఆయ్, రాసేను పిన్నిగారూ."

"నాకొక్క ముక్క తోచట్లేదు. బలమెంత అని ఉంది. మోకాళ్లు పట్టేసినదానికి బలమెంతని రాయనే? నీదోసారి ఇలా ఇద్దూ. లలితతో అనకేం, నన్ను బతకనివ్వదు."

చేతిలో ప్రసాదం దొన్నె ఉండగా పక్కవాళ్లు చెయ్యి చాపితే లేదంటామా? జిరాక్సు తీయించి ఇచ్చాను. "ఇది చూసి, మీకు తోచినట్టు మార్చి రాసుకోండి" అన్నాను. "అలాగలాగే" అన్నారు. వినిపించుకున్నట్టు లేరు.

సాయంత్రం అబ్బులు బాబాయిగారు గేటు దగ్గర దగ్గారు.

"అమ్మాయ్, జన్మంతా టిక్కెట్లు చింపినోణ్ణి. ఈ వయసులో నన్ను కథ రాయమంటే ఏం రాస్తానమ్మా? నువ్వు చదువుకున్న పిల్లవి, నీ దగ్గరేదన్నా ఉంటే..."

ఉంది. ఇచ్చాను. "ఇది మన మధ్యే ఉండాలమ్మా" అని ఆయన ఒట్టేయించుకున్నారు.

ఆ తర్వాత సూరిబాబుగారి ఫోను. వెనకాల చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు వర్షంలా మోగుతున్నాయి.

"భవానిగారండీ! చెరువులో ఆక్సిజను పడిపోయిందండి! రొయ్య తేలిపోతందండి! నాకు షీటు రాసే తీరుబడి లేదండి!"

"కంగారుపడకండి, నాది ఫొటో పంపుతాను."

"మీరు దేవతండి! లలితకి సెప్పకండి!"

ముగ్గురూ ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను మాట తప్పే మనిషిని కాను. ఒకరికిచ్చినట్టు ఇంకొకరికి చెప్పలేదు. ఆ సుగుణమే నన్ను ముంచింది చూడండి. పైగా ముగ్గురి కష్టం తీర్చాను, ఆదివారాలు నిలబెట్టాను అని శనివారం దీపం పెట్టి స్వామికి ధన్యవాదాలు కూడా చెప్పుకున్నాను. ఆయన అప్పటికే నవ్వుకుని ఉంటాడు.

ఆదివారం వచ్చింది. లలిత బల్ల మీద కొత్త దుప్పటి పరిచి, పాచికలు వరసగా పేర్చి, గొంతు మార్చి మొదలుపెట్టింది.

"ముసురు పట్టింది. గోదారి ఒడ్డున రేవులో ఓ తాటాకు పాక. ఏటి మధ్య లంకకి దాటించే పంటు పడవ కోసం నలుగురు కూర్చున్నారు. ఒకరికొకరు తెలీదు. మీరెవరో చెప్పండి. బాబాయిగారూ, మీరు ముందు."

బాబాయిగారు కళ్లజోడు సవరించుకున్నారు. "నా పేరు భీమన్నమ్మా. ఎడం కన్ను లేదు. నల్లగుడ్డ కట్టుకున్నాను. ఎవర్నీ నమ్మను. గోడకి వీపు ఆనించి మూలన కూర్చున్నాను."

"అబ్బ! బ్రహ్మాండం బాబాయిగారూ!" లలిత మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి, నేనిచ్చిన కాగితంలో అక్షరం మారలేదన్న సంగతి కూడా మరిచి మురిసిపోయాను.  

"అమ్మా, నువ్వు?"

పిన్నిగారు తన కాగితం చూశారు. బాబాయిగారిని చూశారు. నన్ను చూశారు. "నా పేరు కాళి. నాకూ... ఎడం కన్ను... లేదే." కాస్త ఆగి, "మూలన కూర్చున్నాను" అన్నారు.

"మూలన బాబాయిగారున్నారమ్మా."

"అయితే ఆ పక్క మూల."

సూరిబాబుగారు ఇదేమీ వినలేదు. చెరువు మీద కాపలావాడికి మెసేజీ పెడుతున్నారు. తన వంతు రాగానే ఎక్కాలు ఒప్పజెప్పినట్టు గడగడా చదివేశారు. "నా పేరు రుద్రయ్యండి ఎడం కన్ను లేదండి నల్లగుడ్డండి ఎవర్నీ నమ్మనండి మూలన కూర్చున్నానండి." చదివి తలెత్తి, "ఏటండీ అందరూ అలా సూత్తన్నారు?" అన్నారు.

లలిత నావైపు తిరిగింది. కుడి కన్ను అందామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ కాగితం మీద ఎడమ అని నా చేతిరాత కనబడుతోంది. "నాకూ లేదు లలితా" అన్నాను. పాకకి నాలుగు మూలలుండబట్టి సరిపోయింది గానీ, ఇంకో మనిషి ఉంటే చూరు పట్టుకుని వేలాడవలసి వచ్చేది.

"సంచుల్లో ఏమున్నాయి?" లలిత గొంతు మామూలు గొంతైపోయింది.

"కెంపుల పిడి బాకమ్మా." "నాకూ బాకే." "రాజుగారి ఖజానాదండి."

"ఆ రాజుగారు బాకుల కొట్టు పెట్టేడా?"

ఆ మాట అనేసి కూడా లలిత ఇంకో అవకాశం ఇచ్చింది. మంచి పిల్ల. "సరే. పాక యజమాని వేడివేడి అన్నం తెచ్చేడు. తింటారా?"

సూరిబాబుగారు కాగితంలోకి చూశారు. "కతలో ఇవాళ ఏ వారమండీ? శనివారమైతే మావోడు ఒంటిపూటండి."

లలిత తల మెల్లగా, టేబులు ఫ్యాను తిరిగినట్టు, నావైపు తిరిగింది. ఆ వీధిలో శనివారం ఒంటిపూట ఉండే మనిషి ఎవరో ఆ వీధి కుక్కలకి కూడా తెలుసు.

"గజదొంగ... శనివారం... ఒంటిపూట ఉంటాడా భవానీ?"

"లోపల భక్తి ఉందని..." అన్నాను.

అంతే, పాక కూలిపోయింది. "నాకొక్కదానికే ఇచ్చేవనుకున్నానే!" అని పిన్నిగారు. "నాతో ఒట్టు కూడా వేసేవు గదమ్మా!" అని బాబాయిగారు. "దేవతలు అందరికీ సమానవేనండి" అని సూరిబాబుగారు, నన్ను కాపాడుతున్నాననుకుని. లలిత పాచికలు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటుంటే నా ఆదివారాలు ఒక్కొక్కటీ సంచిలోకి వెళ్లిపోతున్నట్టుంది. 

అప్పుడు బాబాయిగారు, "అమ్మాయ్, పంటొచ్చిందా?" అన్నారు.

"ఏ పంటండీ?"

"నువ్వే గదా వస్తందన్నావు. జనాన్ని రేవులో కూచోబెట్టి బండి రద్దు చేస్తే ఎలాగ? నా సర్వీసులో ఎప్పుడూ చెయ్యలేదు."

లలిత నిట్టూర్చింది. "వచ్చింది. ఎక్కండి."

బాబాయిగారు కాగితం చూసుకుని, "నా వెనకాల ఎవర్నీ రానివ్వను. మంగతాయారుగారూ, మీరు ముందు ఎక్కండి" అన్నారు.

"అయ్యో, నేనూ రానివ్వనండి. మీరే ఎక్కండి. సూరిబాబూ, నువ్వెక్కు బాబూ."

"ఎంతమాటండీ! పెద్దోరు ముందెక్కాలండి. భవానిగారండీ, మీరు."

"అబ్బే, మీరు కానివ్వండి. నేను ఆఖర్న ఎక్కుతాను."

"ఆఖర్న నేను గదండీ!"

"పర్లేదండి, ఎక్కండి."

"ఎక్కండంటే ఎక్కండి."

నలుగురు గజదొంగలం చేతులు చాపి ఒకరికొకరు దారిచ్చుకుంటూ గట్టు మీద నిలబడిపోయాం. ఎవరి మనసులో చూసినా కత్తిపోటు భయం, పైకి చూస్తే పెళ్లి పందిట్లో విస్తళ్ల దగ్గర మర్యాద. లలిత పంటువాడి గొంతుతో, "ఏవండోయ్, వత్తారా ఎల్లమంటారా?" అని అరిచింది. మేం ఎక్కలేదు. "పంటు వెళ్లిపోయింది" అంది. ఆ మాట పూర్తిగా అనలేకపోయింది. బల్ల మీద తల పెట్టేసింది. ఏడుస్తోందనుకుని నేను లేచాను. భుజాలు అదురుతున్నాయి. నవ్వు! ఎక్కిళ్లు పట్టేదాకా నవ్వింది. మంచినీళ్లు తాగి మళ్లీ నవ్వింది.

తేరుకున్నాక తీర్పు చెప్పింది. దొంగలు నలుగురికీ చెల్లు. ఇక్కడే, తన ఎదురుగా, కొత్త కాగితాల మీద ఎవరిది వాళ్లు రాయాలి. భవాని బల్లకి ఆ చివర కూర్చోవాలి. భవాని మొహం ఎవరూ చూడకూడదు.

చూడ్డానికి ఏమీ లేక మొదటిసారి నా అంతట నేను రాశాను. రేవులో పూలు అమ్ముకునే అమ్మాయి, బలం తక్కువ, ఓపిక ఎక్కువ. అడుగున "దేనికి భయం?" అని ఓ గడి ఉంది. ఏం తోస్తే అది రాసేశాను. లలిత కాగితాలు తీసుకుని పైకి చదువుతూ చదువుతూ నా దగ్గర కూడా అదే జోరులో చదివేసింది. "భయం: వచ్చే ఆదివారం ఎవరూ రారేమోనని."

 నాకు భూమిలోకి వెళ్లిపోవాలనిపించింది.

బాబాయిగారు ఆ కాగితం అందుకుని, పాతకాలం నోటు చూసినట్టు వెలుతురుకి పట్టి చూశారు. "ఇది చెల్లదమ్మా" అన్నారు.

"ఎందుకండీ?"

"మేం వస్తాం గదా. లేనిదానికి భయమేటి? కొట్టేసి వేరేది రాయి."

"రాకపోతే నేనొచ్చి లాక్కొస్తాను" అన్నారు పిన్నిగారు. "సెరువు గట్టు తెగినా వత్తానండి" అన్నారు సూరిబాబుగారు. లలిత తన పెన్ను నావైపు జరిపింది.

ఆ నలుగురికీ అప్పుడు ధన్యవాదాలు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్పుకుంటున్నాను. కళ్లలో నీళ్లతో అక్షరాలు సరిగా కనబడక, చటుక్కున గుర్తొచ్చిన రెండో భయం రాసిచ్చేశాను. "బల్లి."

తర్వాతి ఆదివారం అందరూ వచ్చారు, చెప్పిన వేళకంటే ముందే. లలిత దుప్పటి పరిచింది, కిటికీ తలుపులు మూసి చీకటి చేసింది, నా కళ్లలోకి చూస్తూ గొంతు మార్చింది.

"పాక చూరు కిర్రుమంది. పైనుంచి లారీ అంత బల్లి... మెల్లగా... పూలమ్మాయి భుజం మీదికి..."

కుర్చీ ఎక్కి కెవ్వుమన్నాను. ఆటలో కాదు, మేడగదిలో.

అందుచేత, ఆ కుర్చీ సాక్షిగా, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇంకొకరు నింపిపెట్టిన షీటు ఈ జన్మలో ముట్టను, ఎవరడిగినా పంచను. లలిత చేతికి వెళ్లే ఏ కాగితం మీదా నా అసలు భయం రాయను. రాయక తప్పకపోతే, పూతరేకులంటే చచ్చేంత భయమని రాస్తాను.