తాలింపు వేయని రోజులు

దేవుడి దగ్గర దీపం వెలిగించి లేస్తుండగా యారాడ నుంచి పిన్ని ఫోన్ చేసింది. "పెద్దమ్మీ, మీ సిన్నాన్న మరి నేడమ్మా" అంది. తెల్లారుజామున నిద్రలోనే వెళ్లిపోయాడట. మళ్లీ దీపం ముందు కూర్చున్నాను. ఏం అడగాలో తోచలేదు.

మాది చేపల వేట ఇల్లు. మా నాన్న తమ్ముడైన చిన్నాన్న మాత్రం పోర్టులో టగ్గు మీద పనిచేసి రిటైరయ్యాడు. పెద్ద ఓడలకు తాడు కట్టి లోపలికి లాక్కొచ్చే చిన్న ఓడ అది. అన్నేళ్లు ఎవరెవరి ఓడలనో ఒడ్డుకు చేర్చినవాడు, చివరికి ఒక్క ఓడ కోసం ఎదురుచూశాడు.

ఆయన చెల్లెలు, మా మేనత్త, అండమాన్‌లో ఉంటుంది. గుండె ఆపరేషన్ అయ్యాక విమానం ఎక్కవద్దన్నారు. చిన్నాన్నకేమో వారానికి రెండుసార్లు డయాలసిస్, ఊరు దాటలేడు. ఇద్దరి మధ్యా మిగిలింది ఓడ దారి. అత్త వచ్చిపోయే పాత ఓడ ఆగిపోయింది. కొత్తది తయారైందన్నారు, వస్తోందన్నారు, ఇంకా పరీక్షలున్నాయన్నారు.

ఓడలు ఎక్కడున్నాయో చూపించే యాప్ ఆయన ఫోన్‌లో ఉండేది. అందులో ఆ ఓడ నీలం రంగు బాణంలా కనిపించేది. పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని దాన్నే చూసేవాడు.

"అన్నియ్యా, ఓడ ఏటైంది?" అని అత్త ఫోన్‌లో అడిగేది.

"పరీచ్చలు రాత్తంది. ఐదో తరగతి నువ్వెన్నిపాల్లు రాసేవే? దాన్నీ రాయనీ."

అత్త నవ్వు నాకు కూడా వినిపించేది. ఫోన్ పెట్టేశాక ఆయన మళ్లీ ఆ బాణం తెరిచేవాడు. ట్రంకు పెట్టెలో ఆమె కోసం కొన్న పసుపుపచ్చ చీర ఉండేది. పిన్ని దాన్ని రెండుసార్లు మడత మార్చింది.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. మనవాళ్ల పడవ సముద్రం మీద ఉన్నంతసేపూ తాలింపు వేయరు. పడవ ఒడ్డు తగిలాకే మూకుడు పొయ్యెక్కుతుంది. ఒకసారి ఆ ఓడ పరీక్ష కోసం దూరం వెళ్లింది. తీరానికి దూరమైతే ఫోన్‌కు సంకేతం అందదు, చివరగా కనిపించిన చోటే బాణం ఆగిపోతుంది. చిన్నాన్న రెండు రోజులు ఇంట్లో తాలింపు వేయనివ్వలేదు.

"ఆ ఓడ కేప్టెన్ నీ మేనల్లుడేటి? సప్పిడి పప్పు నాను తిన్నేను" అని పిన్ని గిన్నె ఎత్తేసింది.

"ఓడ ఆగిపోలేదు చిన్నాన్నా, ఫోన్‌కే అందట్లేదు" అని నేనూ చెప్పాను.

"నాకు తెల్దేటమ్మా? తెల్సినా మనసు ఒప్పుకోదు కదా" అన్నాడు. ఆ పప్పే తిన్నాడు.

నేను ఆ ఓడ కోసం రోజూ మొక్కుతున్నానని తెలిసి ఒకనాడు మందలించాడు. "ఒక్కపాలి దండం ఎట్టీసి ఊరుకో. మల్లీ మల్లీ గుర్తు సెయ్యకు. దేవుడు మర్సిపోయీవోడు కాదు." నాకు యాభై దాటాక ప్రార్థన ఎలా చేయాలో నేర్పినవాడాయన. అప్పటినుంచి నా పూజ చిన్నదైంది.

ఆయన పెద్దకర్మ అయిన నెలకు ఓడ మొదలైంది. మొదటి ప్రయాణంలోనే అత్త ఎక్కింది. నేను మధురవాడ నుంచి యారాడ వెళ్లాను. పిన్ని ఫోన్ తెచ్చి ఆయన ఫోటో పక్కన పెట్టింది. సాయంత్రానికి నీలం బాణం సముద్రంలో ఒకచోట ఆగిపోయింది.

మర్నాడు పిన్ని నాకు అన్నం పెట్టింది. పప్పులో తాలింపు లేదు. ఆ మర్నాడూ అంతే.

ఆ తర్వాతి రోజు పొద్దున ఇద్దరం సముద్రం కనిపించే కొండ మెట్ట ఎక్కాం. అక్కడ నెట్ అందక ఫోన్‌లో బాణం ఇంకా నడిసముద్రంలోనే ఉంది. కిందకు చూస్తే, ఎదురుగా తెల్లటి ఓడ కొండ మలుపు తిరుగుతోంది. ముందు ఒక చిన్న టగ్గు.

"వచ్చీసింది" అంది పిన్ని. గబగబా దిగి ఇంట్లోకి వెళ్లింది. నేను ట్రంకు తెరిచి చీర తీస్తుంటే, వంటింట్లో ఆవాలు చిటపటలాడాయి.