రెండో మేకు

సాలమోను మూడు మండలాల బడిగోడల మీద సూర్యుణ్ణి వెలిగించిన పెయింటరు. నిరుటి దాకా, వాటిలో మిగిలిన సూర్యుడు ఒక్కడూ లేడు.

మామిడికుదురు దగ్గర పల్లెలో ఉంటాడు. ముప్పై ఏళ్లుగా పని ఒకటే తీరు. గోడ మధ్యలో ఒక మేకు కొట్టి, దానికి తాడు కట్టి, తాడు చివర సుద్దముక్కతో చుట్లు గీస్తాడు. మేకు దగ్గర సూర్యుడు, చుట్ల మీద గ్రహాలు. మొదట్లో తొమ్మిది వేసేవాడు. ఒక హెడ్మాస్టరు రాహుకేతువులేవీ అన్నారు. వేశాడు. తర్వాతి హెడ్మాస్టరు ఇదేం మూఢనమ్మకమని ఆ రెంటినీ చెరిపించారు. ఇంకొకాయన ప్లూటోని గ్రహాల్లోంచి తీసేశారని పేపరు తెచ్చి చూపించారు. దాన్నీ చెరిపాడు. ఆకాశంలో ఎవరి ఉద్యోగం ఊడినా సున్నం బకెట్టు మోసింది సాలమోనే. చదువుకున్నవాళ్లు మాట మార్చుకుంటే జ్ఞానం పెరిగిందంటారు, పెయింటరు మార్చి వేస్తే ముందు తప్పేశాడంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఇవన్నీ తప్పించుకున్న గోడల్ని ఎండాకాలం సెలవుల్లో కొట్టే కొత్త రంగులు మింగేసేవి.

అతనికి కోరిక ఒక్కటే. తన చేత్తో వేసిన గోడ ఒక్కటైనా తను ఉన్నంతకాలం ఉండాలి.

నిరుడు ఆ ఊరి హైస్కూలుకి జ్యోతిర్మయి అనే సైన్సు టీచరు వచ్చింది. ఒకే గోడ మీద మూడు బొమ్మలు వేయమంది. మొదటిది పూర్వపు గ్రీకులది. భూమి మధ్యలో ఉంటుంది. కుజుడు అప్పుడప్పుడు వక్రించి వెనక్కి నడిచినట్టు కనిపిస్తాడు గనక, దాన్ని సరిపెట్టడానికి పెద్ద చక్రం మీద చిన్న చక్రం. పద్నాలుగు వందల ఏళ్లు దాంతోనే నెట్టుకొచ్చారట. రెండోది కోపర్నికస్‌ది. సూర్యుడు మధ్యలోకి వచ్చాడు గానీ చిన్న చక్రాలు పూర్తిగా పోలేదు, ఇల్లు మారినా పాత సామాను వెంట వచ్చినట్టు. మూడోది కెప్లర్‌ది. చిన్న చక్రాలన్నీ పోయి, కోలగా ఒక్కటే దారి.

సాలమోనుకి ప్రాణం లేచొచ్చింది. తప్పులన్నీ ముందే గోడ మీద ఉంటే ఇక తప్పు పట్టేదెవరు?

కోలగా గీయడానికి రెండు మేకులు కావాలని టీచరు చూపించింది. రెంటినీ చుట్టి వదులుగా దారం వేసి, దాన్ని సుద్దముక్కతో బిగలాగి తిప్పాలి. ఒక మేకు దగ్గర సూర్యుడుంటాడు.

"మరి రెండోదాని దగ్గర ఏవుంటదండీ?" అన్నాడు సాలమోను.

"ఏమీ ఉండదండీ. కానీ అది లేకపోతే గీత రాదు."

రంగులు ఇప్పించింది కొబ్బరితోటల భీమరాజుగారు. డబ్బాలు దింపించి, తన పేరు బొమ్మలో ఉండాలి, అదీ మూలనెక్కడో కాదు, లేకపోతే గోడకి తెల్లసున్నం కొట్టించేస్తానని చెప్పి వెళ్లారు. మొదటి బొమ్మ మధ్యలో భూమి, రెండోదాని మధ్యలో సూర్యుడు. ఎవరిని దిగమంటాం? టీచరు ఏడుపుమొహం పెట్టింది. సాలమోను మూడో బొమ్మ దగ్గరికి నిచ్చెన జరిపాడు. తర్వాత రెండో మేకు పీకి, ఆ కన్నం మీద బంగారు రంగుతో భీమరాజుగారి పేరు రాశాడు.

ప్రారంభోత్సవం రోజున ఆయన దగ్గరికొచ్చి చూసుకున్నారు. ఇటు సూర్యుడు, సరిగ్గా అదే వరసలో అటు ఆయన.

"ఏవయ్యా సాలమోనూ, ఈ చోటు అంత గొప్పదా?"

టీచరు నేల చూపులు చూసింది.

"ఆయ్. అది లేకపోతే గ్రహాలకి దారే గీయడం అవదండీ."

భీమరాజుగారు తన మెడలో వేసిన శాలువా తీసి సాలమోనుకి కప్పారు.

ఈ ఎండాకాలం మళ్లీ కొత్త రంగులు వచ్చాయి. రంగులవాళ్లు బడంతా కొట్టుకుంటూ ఈ గోడ దాకా వచ్చేసరికి, భీమరాజుగారు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. రెండు రోజులు కదల్లేదు. భోజనం క్యారేజీ అక్కడికే తెప్పించుకున్నారు. మూడో రోజు రంగులవాళ్లు నిచ్చెనలు కట్టుకుని వెళ్లిపోయారు.

దూరం నుంచి చూస్తున్న సాలమోను కళ్లు తుడుచుకున్నాడు. అతని సూర్యుడు ఒకడు ఎండాకాలం దాటడం అదే మొదలు. పక్కనే ఉన్న టీచరుకి మనసు ఊరుకోలేదు. పెద్దాయన్ని మోసం చేసినట్టుంది, ఆ చోట నిజానికి ఏమీ ఉండదని చెప్పేద్దామా అంది.

"చెబుదావండీ," అన్నాడు సాలమోను. "ఇంకో రెండు ఎండాకాలాలు పోనివ్వండి."