కాళ్లు కనవడని ఓడ

మా బాపు కట్టిన ఓడ నీళ్ల మొకం చూడలే. కట్టిన బాపు సముద్రం మొకం చూడలే. ఇద్దరికిద్దరు సరిపోయిన్రు.

యుద్ధం నడుస్తున్న రోజులు. సిద్దిపేటల బట్టల సేటు ఒకాయన బొంబాయి పోయి, రేవుల ఆగిన పెద్ద ఓడను కండ్లల్ల వెట్టుకోని వచ్చిండు. మూడంతస్తులట, పొగగొట్టాలట, లోపటనే పడకలు, బాజాలు, భోజనాలట. బిడ్డ పెండ్లి ఎదురుకోళ్లకు, కోహెడ నుంచి వచ్చే పెండ్లికొడుకును పొలిమేర కాడ అసొంటి ఓడ ఎక్కించి ఇంటిదాక తేవాలని ఆయన ముచ్చట. మేం మేదరోళ్లం. గంపలు, చాటలు, వడ్లు పోసే గుమ్ములు అల్లుతం. పెండ్లికి వెదురు ఏనుగో, వెదురు రథమో కావాల్నంటే ఊరంత బాపు కాడికే వస్తుండె.

"దాని అడుగు ఎట్లుంటది సేటూ?" అని అడిగిండు బాపు.

"నీళ్లల్ల మునిగింది నాకేం తెలుసు? పైన చూసిందే చెప్తున్న."

"గట్లయితే అడుగు మేమే. ఎనమండ్రం లోపట నడుస్తం."

"నడువున్రి గని, ఒక్క కాలు కనవడొద్దు. ఓడకు కాళ్లుంటయా?"

"మా ఓడకు పదారుంటయి సేటూ," అన్న నేను. బాపు గుడ్లురిమిండు. ఉర్దూ బడిల పంతులు గూడ గిట్లనే ఉరిమి ఉరిమి అలిసిపోయిండు. అలీఫ్, బే అచ్చరాల కాడ్నే బడి నన్ను ఇడిసిపెట్టింది, నేను బడిని ఇడిసిపెట్టిన.

ఇన్నేండ్లల్ల బాపు ఎన్ని కట్టినా, మోసుడు గూడ ఆయన వంతే. ముందటి కుడి బొంగు ఆయనది. ఏనుగును కట్టిండు, దాని కడుపుల వడి నడిచిండు. అది బజార్ల పోతుంటె ఎట్లుంటదో ఒక్కనాడు చూడలే. ఈసారి మోకాళ్లు మొరాయించినయి.

"నేను మొయ్య," అన్నడు. "గానుగోళ్ల అరుగు మీద కూసోని, పోతుంటె చూస్త."

"పెండ్లికొడుకును చూసినట్టు చూస్తవా?" అని నవ్వింది మా అవ్వ.

"వానికంటె మంచిగుంటది."

కంట్రోలు దినాలు, బట్టల సేటు కాడ గూడ కొత్త బట్ట ఏడ దొరుకుతది? అవ్వ పాత చీరెలు నీలిమందుల ముంచి ఓడ చుట్టూ వేలాడగట్టింది. ఆ చీరెలే మా నీళ్లు. పీర్ల పండుగకు తాబూతులు కట్టే సాయెబు రంగుకాగితాలతోని కిటికీలు దించిండు. అన్ని కాగితం మీదియే, ఒక్కటి తెరుసుకోదు. బాపు చెయ్యికి ఒక్కటే అలవాటు, గింజ జారకుండ అల్లుడు. ఓడ గోడలు గూడ గుమ్మి తీరు బిగిసినయి. గింజ జారని కాడ గాలి ఎట్ల జొరవడుతది? గా సంగతి ఎవ్వరికీ తట్టలే. పొగగొట్టంల పిడకల కుంపటి వెడితె అందరం సంబురపడ్డం.

నడి ఎండకాలం. బాపు అరుగు ఎక్కి కూసున్నడు. మేం పొలిమేర కాడ పెండ్లికొడుకును ఎక్కించుకున్నం. మంచిగ తిని పెరిగిన పిల్లగాడు. పైన సన్నాయి, పన్నీరు. కింద చీకటి, చెమట. సగం తొవ్వల పొగ పైకి పోవుడు ఇడిసి మా దిక్కు మల్లింది. మేం దగ్గుతుంటె బయట పిల్లలు చప్పట్లు కొట్టిన్రు, "ఓడ కూత వెడుతుంది!" అని.

"కూత కాదు రా, సస్తున్నం," అన్న. దానికి గూడ చప్పట్లే.

గానుగోళ్ల ఇల్లు మూలమలుపు అవుతల ఉంటది. మలుపు రాకముందే, కుడి బొంగు కాడ మా మేనబావ కండ్లు తేలేసి కూలవడ్డడు. ఓడ ఒరిగింది. పెండ్లికొడుకు "అవ్వా!" అన్నడు. అంతల నీలిచీరె లేచింది. వెలుతురు తోని పాటు, కేక ఇని వచ్చిన బాపు తలకాయ లోపటికొచ్చింది.

"నువ్వెందుకు బాపు? అరుగు మీదికి పో!"

"పెండ్లిపిల్లగాడు కింద వడినంక ఏం చూద్దును? లేపున్రి."

కుంపటి బయట పారేయించిండు. మేనబావను నీడకు పంపి, ఆ బొంగు కింద భుజం వెట్టిండు. మలుపు తిరిగినం. జర సేపటికి నూనెచెక్క వాసన వచ్చింది.

"గానుగోళ్ల ఇల్లు," అన్నడు బాపు.

పెండ్లికొడుకు దిగినంక, విస్తర్లు వెయ్యాలె, ఓడను తీస్కపోన్రి అన్నరు సేటు ఇంటోళ్లు. నేను బాపును ముందుగాల తోలిన. "అరుగు మీద కూసో. ఒట్టి ఓడ తెస్తం, చూస్తువు."

"భుజాలు పుండ్లయినయి. గాడిద మీద ఏస్కపోదాం," అన్నడు మేనబావ. పాపం, తేరుకోని మల్ల బొంగు కాడికే వచ్చిండు.

"గాడిదకు నాలుగే కాళ్లు రా బావా."

నవ్విన్రు. నవ్వితె బరువు తగ్గుతది అనుకున్న. తగ్గలే.

నూనెచెక్క వాసన రాంగనే దించినం. చీరె ఎత్తి చూసిన. బాపు అరుగు మీద గోడకు ఒరిగి, మోకాలు మీద చెయ్యేసుకోని నిద్రపోతుండు.

"లేపనా?"

"లేపకు," అన్నడు మేనబావ.

మాకు గూడ లేచే సత్తువ లేదు. ఎక్కడోళ్లం అక్కడ్నే ఓడ కింద ఒరిగినం. కాళ్లు బయటికి ఎప్పుడు సాపినమో, కండ్లు ఎప్పుడు మూసినమో తెల్వదు.

"కాళ్లు."

బాపు గొంతు. చీరె సందుకెల్లి చూసిన. అరుగు మీద కదలకుండ కూసోని, ఓడను ఆ కొస నుంచి ఈ కొస దాక చూస్తుండు.

"కాళ్లు కనవడుతున్నయి రా. లోపటికి తీసుకోన్రి."

ఒక్కొక్కలం ముడుసుకున్నం. చీరె సక్కగ దిగింది.

"నడిపియ్యాల్నా బాపు?" అన్న లోపట్నుంచి.

"వద్దు. జర ఉండనియ్యి."