కెప్టెన్ చొక్కా రంగు

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో సదాశివరావు ఫ్లాటుకి ఆదివారం ఎవరొచ్చినా ఓ అంతరిక్ష సీరియల్ గొడవ తప్పదు. ఆయన తెనాలిలో నిక్కర్లేసుకుని తిరిగే రోజుల నుంచీ అది నడుస్తూనే ఉంది, రచయితలు మారుతూనే ఉన్నారు. మొదటాయన తర్వాత వచ్చినవాళ్లంతా దాన్ని భ్రష్టు పట్టించారని ఆయన వాదన.

"రంగులు పూస్తే అంతరిక్షం అవుద్దా? మొదటాయన కావాలనే బ్లాక్ అండ్ వైట్‌లో తీశాడు. ఆ చీకటి చూస్తే ఒళ్లు జలదరించేది" అన్నాడు ఆ రోజు కూడా.

గ్రేటర్ నోయిడా హాస్టల్ నుంచి బస్సెక్కి వచ్చిన స్నేహితుడి కూతురు మైథిలికి కొత్త రచయితే దేవుడు. ఆమె ఎదురు వాదించకుండా టీవీలో మొట్టమొదటి ఎపిసోడ్ పెట్టింది. కెప్టెన్ చొక్కా మామిడిపండు రంగులో మెరిసిపోతోంది.

"ఇది తర్వాత పూసిన రంగు" అన్నాడు సదాశివరావు.

"కాదంకుల్. అప్పుడే కలర్లో తీశారు. మీ ఇంట్లో టీవీయే బ్లాక్ అండ్ వైట్ అయ్యుంటుంది."

ఆయనకి తెనాలి ఇంట్లో, తలుపులున్న చెక్కపెట్టెలోని టీవీ గుర్తొచ్చింది. తర్వాత రిమోట్ అందుకుని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, రంగు మొత్తం సున్నాకి దించేశాడు.

"ఇప్పుడు చూడమ్మా" అన్నాడు. "అసలు సీరియల్ ఇదీ."