యంత్రాలను నిలదీసే యోసేపు గారు

కాజీపేటలో యంత్రమై పుట్టినది ఏదైనా సరే, యోసేపు గారి చేత తిట్లు తినక తప్పదు. ఆయన రైల్వేలో టికెట్ కలెక్టరుగా పని చేసి రిటైరయ్యారు. టికెట్ లేని ప్రయాణికుణ్ణి ఆపినట్టే యంత్రాన్నీ ఆపి, చేతులు వెనక్కి కట్టుకొని విచారణ మొదలుపెట్టేవారు. "నీ పేరేంది? నిన్ను నౌకరీల పెట్టినోడెవడు? నీ మీది ఆఫీసరెవడు?" యంత్రం జవాబు చెప్పదు. చెప్పకపోవడం ఆయన దృష్టిలో రెండో నేరం.

కోడలు శిరీషకు ఈ సంగతి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది. ఆమెను వెంటబెట్టుకొని ఆయన ఏటీఎంకు వెళ్ళారు. "దయచేసి కొంతసేపు వేచి ఉండండి" అని తెర మీద కనిపించింది.

"కొంతసేపంటె ఎంతసేపు?" అని ఆయన గాజు తలుపు అదిరేలా అడిగారు. "రైలు లేటైతే మేం గంటో అరగంటో మైకుల చెప్పలేదా? నీకేం రోగం?"

కాపలాదారు లాఠీ పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. లోపల ఉన్నది దొంగ కాదు, పెన్షనరని చూసి, నిరాశగా వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు.

ఫోన్లో రికార్డు గొంతు దొరికితే ఆయనకు పండగే. "తెలుగు కోసం రెండు నొక్కండి" అంటే, "తెలుగుల మాట్లాడుతనే ఉన్న గద, ఇంక నొక్కుడేంది?" అనేవారు. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంటే, "ముఖ్యమైతే ఎత్తు." "మా ప్రతినిధులందరూ వేరే కాల్స్‌లో ఉన్నారు" అంటే, "అందరా? చాయ్ తాగ పోయినోడు గూడ ఒక్కడు లేడా? మా టేసన్ల అట్ల ఎన్నడన్న ఉన్నదా?"

ఒకసారి హనుమకొండలో దవాఖాన లిఫ్టు ఎక్కారు. చివరగా ఒక లావుపాటి ఆమె అడుగు పెట్టగానే లిఫ్టు కీచుమని మొరాయించింది. లోపలి వాళ్ళంతా ఆమెనే చూశారు. యోసేపు గారు లిఫ్టు మీదికి లేచారు. "ఇంతమందిని మోస్తనని గోడ మీద రాసుకున్నవ్. చాతగాకపోతె రాజీనామా ఇయ్యి." అందరూ ఆయన వైపు తిరిగి నవ్వారు. ఆయన మాత్రం కోపంగా లిఫ్టు దిగి, దాన్ని తిట్టుకుంటూనే మెట్లెక్కి మూడో అంతస్తుకు చేరారు. లిఫ్టులో మిగిలిన శిరీష, ఆయనెవరో తనకు తెలియనట్టు, వెలుగుతున్న అంకెల వైపు చూస్తూ నిలబడింది.

ఇంతవరకూ నవ్వుకొని ఊరుకోవచ్చు. కానీ భర్త జోయెల్ పని చేసే పత్తి మిల్లు మూతబడ్డాక, శిరీష ఇంటి ముందు గదిలో ఆన్‌లైన్ సెంటరు తెరిచింది. ఇల్లు నడవాలంటే అది నడవాలి. కంప్యూటరు, ప్రింటరు, వేలిముద్ర తీసుకునే మిషను అన్నీ మామగారి ఇంట్లోకే వచ్చి చేరాయి. ఆయనకు ఇక బయటికి పోయి యంత్రాలను వెతుక్కునే శ్రమ తప్పింది.

మూలన కుర్చీ వేసుకొని పొద్దంతా అక్కడే కూర్చునేవారు. హాల్‌టికెట్ల కోసం వచ్చిన విద్యార్థులు, కాగితం మింగిన ప్రింటరుకు జరుగుతున్న విచారణ చూసి, ఎదురుగా కొత్తగా తెరిచిన ఏసీ సెంటరుకు మెల్లగా దాటుకున్నారు. కిటికీలోంచి అది చూసిన శిరీషకు ఒళ్ళు మండిపోయింది.

"మామయ్యా, ఇది దుకాణం. మీ కోర్టు గాదు."

"దానికి బుద్ధి చెప్పెటోడు ఒకడుండాలె గద బిడ్డా."

"దానికి చెవులున్నయా?"

"లేవని తెలిసే గట్టిగ చెప్తాన."

"గిరాకీ అంతా ఎదురింటికి పోతాంది, మీకు సమజైతలేదా? ఈ రూముల మీరన్న ఉండాలె, మిషనన్న ఉండాలె. ఇయ్యాల్నే తేల్చుండ్రి."

యోసేపు గారు న్యాయంగా ఆలోచించారు. "మిషనే ఉండనియ్యి బిడ్డా. నేనుంటె రూపాయి రాదు," అని లేచి వంటింట్లోకి నడిచారు. ఇచ్చిన మాట ప్రకారం మళ్ళీ ముందు గదిలోకి తొంగి చూడలేదు. కానీ వంటింట్లోనూ యంత్రాలుంటాయి. "మూడు విజిల్లని చెప్పిన. నాలుగోది ఎవని పర్మిషన్‌తోని ఏసినవ్?" అని కుక్కరును అడగడం ముందు గదిలోకి స్పష్టంగా వినిపించేది.

సెంటరు తెరిచాక రెండో నవంబరు వచ్చింది. పెన్షను తీసుకునే వాళ్ళు తాము బతికే ఉన్నామని యంత్రం ముందు రుజువు చేసుకోవలసిన కాలం. శిరీష ఈ నెల మీదనే ఆశ పెట్టుకుంది. అయితే ముసలివాళ్ళు గుమ్మం దాకా వచ్చి, మూలకు చూసి, "పెద్దసారు లేడా?" అని అడిగేవారు. ఆమె ధైర్యం చెబుతున్నట్టుగా, "లేడు, ఫికర్ చెయ్యకుండ రాండ్రి," అనేది. వాళ్ళు, "మళ్ళొస్తం తియ్యి," అని వెళ్ళిపోయేవారు. మామగారంటే వాళ్ళకు భయం ఇంకా వదలలేదని శిరీష పళ్ళు నూరుకునేది.

యంత్రాల వల్ల మేలు లేదని ఇంగితమున్న వాడెవడూ అనడు. తెల్లవారకముందే కాజీపేట స్టేషన్లో నిలబడి రిజర్వేషన్ చేయించుకున్నవాళ్ళు ఆ వరుసలు మళ్ళీ రావాలని కోరుకోరు. కానీ యంత్రం తప్పు చేస్తే మనిషి తలవంచుకోవలసిన రోజులివి. చల్లటి ఎర్రదీపం ఒకటి వెలిగి, ఎదురుగా ఊపిరి పీలుస్తున్న మనిషిని నువ్వు నువ్వు కాదంటుంది. దాన్ని ఒక్కడూ ఏమీ అనడు. ఇది సహించదగిన సంగతి కాదు.

ఆ వారంలోనే రఘునాథపల్లి నుంచి కట్టమ్మ వచ్చింది. రైలు పట్టాల మీద పని చేసి చనిపోయిన భర్త పెన్షను ఆమెకు వస్తుంది. అదే ఆమెకు ఆధారం. మిషను మీద బొటనవేలు పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. పత్తి ఏరి ఏరి ఆ వేళ్ళ మీద గీతలంటూ మిగల్లేదు.

"మీ వేలు సక్కగ పడుతలేదమ్మా," అంది శిరీష. రోజూ అనే మాటే.

వరుసలో వెనక నిలబడిన ఓంప్రకాశ్ అనే రిటైర్డు గుమాస్తా గడియారం చూసుకున్నాడు. "జర చెయ్యి కడుక్కోని రావద్దా అమ్మా? మాకు పనుల్లేవా?"

"గట్టిగ ఒత్తు," అన్నారొకరు. "ఒత్తితె ఎట్ల, మెల్లగ పెట్టాలె," అన్నారు మరొకరు.

కట్టమ్మ వేలును కొంగుతో తుడిచింది, పెట్టింది. మళ్ళీ తుడిచింది, పెట్టింది. చివరికి మిషనుకు రెండు చేతులూ జోడించింది. "మొక్కుత తల్లీ, నేనే. జర గుర్తువట్టు."

ఎవరో కిసుక్కున నవ్వారు. కట్టమ్మ ముఖం చిన్నబోయింది. సంచి అందుకుంది. "పోతా బిడ్డా. పెద్దసారు ఉన్ననాడు వస్త."

"ఆయనెందుకమ్మా?" అంది శిరీష. "ఆయనుంటె ఊకె లొల్లే గద."

"ఆ లొల్లి కోసమే గద ఇంత దూరం వచ్చుడు. పోయినేడు గూడ గిట్లనే అయింది. సారు దాన్నే తిట్టిండు. జనమంత సారు దిక్కు జూసి నవ్విన్రు. నా దిక్కు ఎవలు జూడలే. నేను గూడ నవ్విన. తప్పు నాది గాదనిపిచ్చింది."

రోజుకు ఎంతమందికి తాను "మీ వేలు సక్కగ పడుతలేదు" అని చెప్పిందో శిరీషకు గుర్తొచ్చింది. తన మీద తనకే వచ్చిన కోపాన్ని ఎటు పంపాలో తెలియలేదు. ఎదురుగా మిషను ఉంది. ఆమె టేబుల్ మీద దభాలున చరిచింది.

"ఏయ్, కండ్లు గనవడుతలేవా నీకు? వేలు ఆమె చేతికే ఉన్నది, చెయ్యి ఆమెకే ఉన్నది. నీకు పని రాదని చెప్పు. నీ పేరేంది అసలు? ఎక్కడి నుంచి వచ్చినవ్?"

వరుసంతా మెడలు చాచి చూసింది. తరవాత ఓంప్రకాశ్ మెల్లగా అన్నాడు: "దానికి ఆధార్ ఉన్నదేమో అడుగమ్మా."

వరుసంతా పక్కున నవ్వింది. కట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. శిరీష మిషనును పక్కకు నెట్టి ఫోను తీసింది. ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి అందులో ఉంది. ఆలస్యమవుతుందని, వరుస పెద్దదిగా ఉన్నప్పుడు ఆమె దాని జోలికి పోయేది కాదు. కట్టమ్మ నవ్వు ఆపుకుంటూ రెప్పలు ఆర్పింది. ఫోను ఆమెను గుర్తుపట్టింది. న్యాయం చెప్పాలంటే, అదీ యంత్రమే.

కట్టమ్మ బతికే ఉన్నట్టు తేలి రైలుకు వెళ్ళింది. తరవాత ఓంప్రకాశ్ మిషను మీద వేలు పెట్టాడు. శిరీష వంటింట్లోకి వెళ్ళింది. యోసేపు గారు ఎల్లిపాయలు వలుస్తున్నారు. ఆయన ముఖం గంభీరంగా ఉంది.

"టేబుల్ మీద కొట్టినవా?"

"కొట్టిన మామయ్యా."

"తప్పు. మాటనాలె గని చెయ్యి లేపద్దు. అది గూడ ఒకని కింద పని చేసేదే."

"గంత జాలి ఉంటె మీరెందుకు తిడుతరు దాన్ని?"

"ఎవల్నో ఒకల్ని అననిదే లైన్ల నిలవడ్డోళ్ళు ఊకోరు బిడ్డా. దానికైతే ఇంటికి పోయి ఏడ్చే పని లేదు."

శిరీష ఆయన చేతిలోంచి ఎల్లిపాయల గిన్నె తీసుకుంది. "లేవుండ్రి. ఓంప్రకాశ్ వేలు గూడ పడుతలేదు. పానుకు సున్నం రాసి రాసి అరగ్గొట్టుకున్నడు. చెయ్యి కడుక్కోని రమ్మని ఎనక ఉన్నోళ్ళు మోపైన్రు ఆయన మీద. ఆ ముసలమ్మను అన్నడు గద, ఇంకో రెండు మాటలు పడనియ్యిండ్రి, అటెన్క పోదురు గని."

"పాపం, అట్లనద్దు," అన్నారు యోసేపు గారు. అప్పటికే లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. చేతులు వెనక్కి కట్టుకొని, గొంతు సవరించుకొని ముందు గదిలోకి నడిచారు. శిరీష ఎల్లిపాయ వలుస్తూ వింది.

"ఏమయ్యా మిషనూ, ఇంత పెద్దమనిషి వచ్చి నిలవడితె, ఈయన ఎవలని అడుగుతవా?"