మేఘకేతు పుట్టుపూర్వోత్తరాలు

మా అక్క కొడుక్కి పేరు పెట్టే విషయంలో నావల్ల ఒక ఘోరం జరిగింది. ప్రాణాలు పోలేదు, ఇళ్ళు మునగలేదు. మునిగింది నా పాండిత్యం ఒక్కటే. అది కూడా నీటి చుక్కకు మొహం వాచిన కళ్యాణదుర్గంలో, సినిమాహాలు వేదిక మీద, ఊరంతా చూస్తుండగా మునిగింది.

తొంభైల చివర నేను అనంతపురంలో తెలుగు ఎమ్మే చదువుతున్నాను. రెండు కావ్యాలు చదివి ఇరవై కావ్యాల గురించి మాట్లాడే వయసు. ఆ ఏడు కళ్యాణదుర్గంలో ఒక ఇంగ్లీషు సాహస చిత్రం తెలుగు మాటలతో ఆడింది. సినిమా నిండా సముద్రమే. వేరుశెనగ చేలు ఎండిపోయి కూర్చున్న జనం కథ కోసం కాదు, అన్ని నీళ్ళు ఒక్కచోట చూడ్డానికి బస్సులెక్కి వచ్చేవారు. అందులో నీలికళ్ళ కథానాయకుడి పేరు మేఘకేతు. అతను దూకని అల లేదు, తన్నని దొంగ లేడు.

బెళుగుప్పలో సేద్యం చేసుకునే మా బావ ఆ సినిమాకు దాసుడైపోయాడు. సరిగ్గా అప్పుడే మా అక్కకు కొడుకు పుట్టాడు.

"వీనికి మేఘకేతు అని పెడతాం" అన్నాడు బావ.

"నోరు మూసుకోరా" అంది వాళ్ళమ్మ, అంటే మా అత్త. "మొదటి మగబిడ్డకు తాత పేరు పెట్టేది మన ఇండ్లల్లో ఆచారం. మీ నాయన పేరే పెట్టల్ల."

ఆ పేరుతో మా అక్కకు పెద్ద చిక్కొచ్చింది. మామ పేరు కోడలు నోట పలకకూడదు. బిడ్డకు అదే పేరు పెడితే, వాడు మట్టి తిన్నా పేరు పెట్టి కేకలేయడానికి ఉండదు. "నోరారా తిట్టుకునేదానికి కూడా లేకపోతే ఇంక కొడుకెందుకురా! నువ్వు చదువుకున్నోనివి, ఏమన్నా చెప్పు" అని నన్ను చాటుకు లాగింది.

మామ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అత్త ఆయన్ని "ఆయప్ప" అనేదే తప్ప ఏనాడూ పేరెత్తి ఎరగదు. తను పలకలేని ఆ పేరు ఇంట్లో ఎవరి నోటనైనా మళ్ళీ వినాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క కోరిక. ఇంగితం ఉన్నవాడెవడైనా అక్కడ మాట్లాడకుండా ఊరుకుంటాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"అత్తా, అది సినిమావాళ్ళ పేరు కాదు. మన పాత కావ్యంలోది."

"ఏ కావ్యమప్పా?"

"ఇప్పుడు దొరకదు. తాటాకులు చెదలు తినేసినాయి." దొరకని కావ్యమంత సౌకర్యమైనది సాహిత్యంలో ఇంకొకటి లేదు, గుర్తుపెట్టుకోండి.

"మరి ఆ తెల్లోనికి ఎట్లొచ్చె?"

"మన కథలన్నీ వాళ్ళు ఓడల్లో ఎత్తుకపోయినారు గదత్తా. మన కథకే టోపీ పెట్టినారు."

"ఇంతకీ ఏం చేసినాడంట ఆ మేఘకేతు?"

నేను పైకి చూశాను. ఆకాశం తోమి బోర్లించిన పళ్ళెంలా ఉంది. ఆ క్షణాన నోట్లోంచి దొర్లిపోయింది. "కరువుసీమకు వాన తెచ్చినాడత్తా! ఆయప్ప అడుగు పెట్టిన చోటల్లా చెరువులు నిండినాయంట."

అత్త ఎండిన చేను వైపు తిరిగింది. "వాన తెచ్చినోడా!" అంది మెల్లగా. "మా ఆయప్ప కూడా వాన, వాన అంటానే పాయ. సరేప్పా, అదే పెట్టండి." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఒక్క క్షణం నిజం చెప్పేద్దామా అనిపించింది. కానీ పాండిత్యం నెగ్గిన సంతోషంలో దాన్ని మింగేశాను.

పేరు పెట్టారు. వాన రాలేదు. "పెద్దయితే తెస్తాడులే" అంది అత్త.

పిల్లవాడికి పళ్ళొచ్చే వేళకు ఆ సినిమా మళ్ళీ వచ్చింది. హాలు వాళ్ళు దానికి తెలుగు మాటలు రాసిన రచయితను పిలిపించి సన్మానం పెట్టారు. బిడ్డకు ఆయన దీవెన ఇప్పించాలని బావ ఇంటిల్లిపాదినీ ఆటో ఎక్కించాడు. నన్ను వేదిక కూడా ఎక్కించాడు. ఇంకేం, ఓడలు, తాటాకులు, చెదలు, అన్నీ దంచేశాను. సినిమాలో దొంగల నాయకుడు కరాళకంఠుడి పేరుక్కూడా అప్పటికప్పుడు ఓ కావ్యం పుట్టించి చప్పట్లు కొట్టించుకున్నాను. రచయిత నోరు తెరుచుకుని విన్నాడు.

అత్త బిడ్డనెత్తుకుని ఆయన ముందు నిలబడింది. ఇద్దరి మధ్యా మైకు ఉంది.

"స్వామీ, ఆ కథలో వాన ఎట్ల తెప్పిస్తాడో నువ్వన్నా చెప్పు. మావోడు ఇంతవరకూ తేల్యా."

"ఏ కథమ్మా?" అన్నాడాయన అమాయకంగా. "ఇంగ్లీషులో అతని పేరు వేరు. అది పలికేటప్పుడు పెదాలు నాలుగుసార్లు కదులుతాయి. సరిపోయే తెలుగు పేరు తట్టక కిటికీలోంచి చూశాను. ఎదురుగా బోర్డు కనపడింది, మేఘకేతు గొడుగుల అంగడి అని. కరాళకంఠుడంటారా, మా ఇంటి ఓనరు గొంతు అలా ఉంటుంది."

హాలు ఘొల్లుమంది. అత్త నవ్వలేదు. నావైపు తిరిగింది.

"గొడుగుల అంగడా! ఇంక వాన యాడ పడుతుందప్పా, గొడుగు పట్టుకోని పుట్టినోని మీద?"

తర్వాత మైకు సంగతి మరిచిపోయి, బిడ్డ చెవి దగ్గరికి వంగింది. "నువ్వు మేఘకేతువి కాదు నాయనా. హనుమంతప్పవి."

ఆమె చెప్పింది బిడ్డ చెవిలోనే. మైకు హాలంతటికీ చెప్పింది. పెళ్ళయిన నాటినుంచీ నోట పలకని మొగుడి పేరు నాలుగు గోడలకూ తగిలి తిరిగొచ్చింది. అత్త నాలుక కరుచుకుని కొంగుతో మొహం కప్పేసుకుంది. నవ్వుతున్న జనం గమ్మునైపోయారు. నాకు మాత్రం అందరి ముందూ ఏడుపొచ్చేసింది.

బిడ్డకు ఆ పేరే ఖాయమైంది. మామ పేరు పలకలేని మా అక్క ఆనాటినుంచీ కొడుకును "అయ్యా, తమరు మట్టి తినొద్దండి" అని మర్యాదగా తిట్టడం మొదలుపెట్టింది.

కొన్నేళ్ళకు నాకూ కొడుకు పుట్టాడు. మా నాయన పేరే పెట్టాలని బుద్ధిగా నిర్ణయించుకున్నాను. పేరు పెట్టే రోజు అందరికంటే ముందు అత్త ఉయ్యాల దగ్గరికొచ్చి, నేను నోరు తెరిచేలోగా వాడి చెవిలో ఊదేసింది.

"మేఘకేతు!"

"ఇదేమన్యాయం అత్తా!"

"అంత గొప్ప కావ్యంలో పేరు గదప్పా. ఊరికే పోనిస్తామా?"

అందుచేత, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నెత్తిన గొడుగు పట్టుకుని, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంక ఏ పేరుకూ పుట్టుక చెప్పను. మొన్న మావాడు "నాయనా, నా పేరు యాడనుంచి వచ్చింది?" అని అడిగినా మాట తప్పలేదు. "బెళుగుప్ప అవ్వనడుగు" అని చెప్పి బయటికి వచ్చేశాను.