చిన్ని ఎర్ర చున్నీ

చిన్నీ, ఈ రోజు నిన్ను తలుచుకుని నవ్వాను.

ఇంటింటికీ తిరిగి బట్టలు తీసుకుపోయే లాండ్రీ బండి పొద్దున వచ్చింది. మీ నాయన తెల్ల చొక్కాలు సంచిలో వేసి, నీ ఎర్ర చున్నీని ఎప్పటిలాగే వేరే కవర్లో కట్టాను. నువ్వు చనిపోయి మూడేళ్లయింది. చలికి నేను కప్పుకునేది ఇప్పటికీ అదే.

"ఒక్క చున్నీకి గీ కవరెందుకక్కా?" అన్నాడు బండి యాదయ్య.

"రంగు పోతది యాదయ్యా. తెల్ల బట్టలల్ల కలపకు."

"ఇంకేం రంగుందక్కా పోనీకి? మొత్తం ఎలిసిపాయె!"

నిజమే. కొత్తలో నువ్వు దాన్ని నాయన చొక్కాతో కలిపి నానబెడితే చొక్కా గులాబీ రంగైంది. ఇంకో మంచి చొక్కా లేక ఆయన అదే తొడుక్కుని చర్చికి వచ్చాడు. ప్రార్థన చేసినంతసేపూ నువ్వు నా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వావు.

కవర్ విప్పాను. చున్నీని నాయన తెల్ల చొక్కాలోనే చుట్టి యాదయ్యకు ఇచ్చాను. కాస్తంత రంగు అంటితే అంటనీ.

చిన్నీకి రాసిన ఈ మాటలు చదువుతున్నవాళ్లూ, మీ ఇంట్లో కూడా ఇట్లాంటి బట్ట ఒకటి ఉంటే చెప్పండి. మీరంతా చల్లగా ఉండండి, కడుపునిండా తినండి.